పల్లెవెలుగు బోర్డుకు టీకా తాత్పర్యం

మూలము:

ఏలూరు – తాడేపల్లిగూడెం
వయా: భీమడోలు, పూళ్ళ, కైకరం

అవతారిక: ఏలూరు కొత్త బస్టాండులో పల్లెవెలుగు బస్సు నుదుట వెలసిన ఈ రెండు పాదాల కృతికి కర్త ఎవరో తెలియదు. పెయింటరని కొందరు, డిపో వారని కొందరు. యతి లేదు, ప్రాస లేదు. అయినా రోజూ ఎంతోమంది నిలబడి, తల ఎత్తి, పెదవులు కదుపుతూ చదువుతారు. ఈ భాగ్యం మన ప్రబంధకవులలో చాలామందికి పట్టలేదు.

ప్రతిపదార్థము: ఏలూరు = ఏలూరు నుండి (విభక్తి లోపించినది); అడ్డగీత = మొదలుకొని, దాకా అను రెండర్థములను ఒక్కటే మోయునది; తాడేపల్లిగూడెం = గూడెమునకు (తాడేపల్లి అను పూర్వపదము బోర్డు మీద తప్ప జనుల నోట వినబడదు); వయా = మార్గమున; భీమడోలు, పూళ్ళ, కైకరం = ఆయా ఊళ్ళ గుండా; వెళ్ళును అని క్రియ అధ్యాహార్యము. అనగా మనమే పూరించుకోవాలి. క్రియ మూలములోనే లేదు గనుక బస్సు వెళ్ళని రోజున కవిని తప్పుపట్టరాదు.

శబ్దవిచారము: మన విభక్తులు వినయం గలవి, నామం వెనకాలే నడుస్తాయి. భీమడోలుకు, భీమడోలులో, భీమడోలు మీదుగా. ఈ వయా మాత్రం ఇంగ్లీషు ప్రిపొజిషన్ కాబట్టి నామం ముందుకు వచ్చి నిలబడింది. లాటినులో ఇది దారి అనే నామవాచకం. ‘దారిచేత’ అనే విభక్తిరూపంలో ఉన్నప్పుడు ఇంగ్లీషువారు పట్టుకొచ్చారు. ఊళ్ళు మన ఊళ్ళే, వయా ఒక్కటే పైనుంచి వచ్చింది. అయినా మామ్మల నోట నలిగి నలిగి దాని పరాయితనం ఎప్పుడో పోయింది.

కొందరు పండితమ్మన్యులు ఇది సంస్కృతమే అంటారు. వయస్సును తినేది వయా అని వారి వ్యుత్పత్తి. ఊరూరా ఆగుతూ పోయే బస్సులో కూర్చున్నవారికి ఇది అనుభవంలోకి వస్తుంది గాని, వ్యాకరణంలో నిలవదు. మరొకరు, వయస్సుకు పక్షి అనే అర్థమూ ఉందిగదా, ఇది కొల్లేటి సీమ గదా, కాబట్టి వయా పక్షివాచకమే అన్నారు. అసలే పొసగదు. కైకలూరు పక్కన ఆటపాకలో గుంపులుగా దిగే పెలికాన్లు సరస్సుకు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు సూటిగా ఎగిరిపోతాయి. ఈ ప్రాంతంలో వయా అక్కరలేని జాతి అదొక్కటే.

వయా పక్కనున్న రెండు చుక్కలు విసర్గమా, కోలనా అన్న చర్చ కూడా ఉన్నది. దానిని వదిలేద్దాం.

అన్వయము: బోర్డు దగ్గర జరిగిన ఈ సంవాదం కన్నా అన్వయానికి మంచి ఆధారం దొరకదు.

“గూడెం వెళ్తదా బాబూ?”

“వెళ్తదండి, ఎక్కండి.”

“వయా ఎటు?”

“ఎటేంటి మామ్మగారూ, హైవే మీదే. కొల్లేట్లోంచి వెళ్తామా?”

కండక్టరు వెటకారంగా అన్న ఆ చివరి మాటలో విషయమంతా ఉన్నది. తక్కిన జిల్లాలలో వయా ఒక వివరం. ఇక్కడ అది భూగోళం. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో కొల్లేరు కూర్చున్నది. దానిని చుట్టి పోవడమే తప్ప నేరుగా పోయే వీలు తక్కువ.

రైళ్ళనే చూడండి. విజయవాడ నుంచి నిడదవోలుకు రెండు దార్లు. ఒకటి సరస్సుకు ఉత్తరంగా ఏలూరు, గూడెం మీదుగా. రెండోది దక్షిణంగా గుడివాడ, కైకలూరు, ఆకివీడు, భీమవరం మీదుగా. రెండు చివర్లూ ఒకటే, నడుమ నీళ్ళు. రత్నాచల్ పై దారిన పోతుంది, సర్కార్ కింది దారిన పోతుంది. ఏలూరు వైపు పట్టాల పని పెట్టినప్పుడల్లా ‘వయా గుడివాడ, భీమవరం’ అని పత్రికలో చిన్న ప్రకటన వస్తుంది. బండి విజయవాడలో వేళకే ఎక్కించుకుంటుంది, నిడదవోలులో వేళకు కాస్త అటూ ఇటూగా దించుతుంది. ఏలూరువారికి, గూడెంవారికి మాత్రం ఆ రోజు బండి లేదు. ‘టు’ చెక్కుచెదరలేదు, ‘ఫ్రమ్’ చెక్కుచెదరలేదు, వయా ఒక్కటి మారింది. ఇక ఏ ప్రిపొజిషన్ బలమైనదో వేరే చెప్పాలా?

రోడ్డుకూ ఇదే న్యాయం. గుండుగొలను దగ్గర చీలి, దేవరపల్లి మీదుగా కొవ్వూరు చేరే నాలుగు వరుసల రోడ్డు పడ్డాక, రాజమండ్రి వైపు పోయే లారీ డ్రైవరు గూడెం ఎందుకు వస్తాడు? పని ఉంటేనే వస్తాడు. ఆ పని సాధారణంగా ఉల్లిపాయలు. కర్నూలు ఉల్లి, మహారాష్ట్ర ఉల్లి గూడెం మార్కెట్టులో దిగి, అక్కడినుంచి ఊళ్ళకు పోతుంది. మన పులుసులో పడే ఉల్లిపాయ పుట్టింది ఎక్కడైనా, వయా గూడెమే. ఎదురుగా కొల్లేటి చెరువుల శీలావతి, బొచ్చె ఐసు కప్పుకుని కలకత్తా వైపు పోతూ ఉంటాయి.

పూర్వం ఈ సీమకు వయా అంటే కాలువ. కాటన్ దొర కాలంలో, 1852 నాటికి, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. గోదావరి ఏలూరు కాలువ విజ్జేశ్వరం నుంచి నిడదవోలు, గూడెం దాటి ఏలూరు వచ్చేది. కృష్ణా ఏలూరు కాలువ బెజవాడ నుంచి వచ్చి దాన్ని ఇక్కడే కలిసేది. కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవలు ఈ దారినే నడిచాయి. 2008లో దీన్ని జాతీయ జలమార్గం-4లో చేర్చి ప్రకటించారు. వయా ప్రకటితము, పడవ అధ్యాహార్యము.

నీటికి కూడా వయా ఉంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి కొల్లేట్లో పడితే, అక్కడినుంచి సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. నాలుగు వాకిళ్ళ నుంచి వచ్చిన పెళ్ళివారు ఒక్క దొడ్డిగుమ్మం గుండా బయటపడాల్సి వచ్చినట్టు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి ఇటు దిగినప్పుడు, ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీళ్ళెక్కాయి. పెదఎడ్లగాడి వంతెన దగ్గర మట్టం ఎంతుందో లంకలవాళ్ళు రోజూ అడిగి తెలుసుకునేవారు. ఆ దినాల్లో కైకలూరు బోర్డు చదవడం కావ్యపఠనమే, ప్రయోజనం శూన్యం.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు తమాషా జరిగింది. అంతవరకు మచిలీపట్నం కలెక్టరు దగ్గరికి పోయే కైకలూరువారు ఏలూరు జిల్లాలోకి వచ్చారు. వాళ్ళకు కలెక్టరాఫీసు వయా కొల్లేరు అయింది. అంతవరకు అర్జీ పట్టుకుని ఏలూరు వచ్చే గూడెంవారికి భీమవరం జిల్లా కేంద్రమైంది. మన మూలంలోని బోర్డు మాత్రం ఒక్క అక్షరం మారలేదు. అర్జీదారులు దిగిపోయారు, అంతే.

ప్రయోగాంతరము: ‘వయా మీడియా’ అని పత్రికలవారికి ఇష్టమైన సమాసం ఒకటుంది. మధ్యేమార్గమని అర్థం. కొల్లేట్లో +5 కాంటూరు వరకు అభయారణ్యమని 1999లో నిర్ణయించారు. 2002లో రామ్సర్ గుర్తింపు వచ్చింది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టారు. +3కి దించాలని చెరువులవారు, వద్దని పక్షులవారు. అయిదుకూ మూడుకూ నడుమ నాలుగుందని ఒకటో తరగతి పిల్లాడైనా చెబుతాడు గాని, ఆ వయా మీడియా మీద బస్సు వేసినవాడు లేడు.

ఇక చివరి శంక. గూడెంలో బోర్డు తిప్పుతారు. వెనకవైపు ‘తాడేపల్లిగూడెం – ఏలూరు’ అని ఉంటుంది. కింది వరుసను పెయింటరు మార్చలేదు: వయా భీమడోలు, పూళ్ళ, కైకరం. ఈ క్రమం ప్రమాణమైతే బస్సు ముందు భీమడోలు పోయి, తరవాత వెనక్కి కైకరం రావాలి. దీనికి మీమాంసకుల సమాధానం ఉన్నది. అగ్నిహోత్రం చేయవలెను, జావ కాచవలెను అని శ్రుతి వరుసగా చెప్పినా, జావ లేనిదే హోమం కాదు గనుక ముందు కాచడమే సిద్ధాంతం. పాఠక్రమాన్ని అర్థక్రమం బాధిస్తుంది. ఈ సంగతి ముందు సీటులో కూర్చున్న సంస్కృతం మేష్టారు పక్కాయనకు వివరిస్తూ ఉండగా బస్సు నెమ్మదించింది, కండక్టరు విజిలేశాడు.

“కైకరం! కైకరం దిగేవాళ్ళు ముందుకు రావాలండి!”