చినుకు లేని ఉరుములు

కర్నూలు రాజవిహార్ కూడలి మొదలు కడప ఏడురోడ్ల వఱకు గల మన పట్టణవాసులలో, గృహప్రవేశమైన మఱునాడే హాలులో ఒక హోమ్ థియేటరును ప్రతిష్ఠించి, అందలి సబ్‌ఊఫరను మంద్రధ్వనుల పెట్టెను గోడమూలకు చేర్చి, దాని ఘోషను మూడిండ్ల యవతలకు వినిపింపజేయుట యొక సదాచారముగా స్థిరపడినది. వానకు మొగము వాచిన ఈ సీమలో, ఆకాశము ఉఱుమనొల్లని ఉఱుములను ఇంటిమూలనున్న పెట్టెచేత ఉఱిమించుకొనుట క్షమింపదగిన కోరికయే. కాని ఆ పెట్టె యోగ్యతను వినువాని చెవితో గాక కిటికీ అద్దముల వణుకుతో కొలుచు ప్రమాణమేదో, అది మాత్రము విచారింపదగినది. “అన్నా, కిటికీలు ఊగల్ల, గుండె అదరల్ల, అదీ బేసంటే!” అని కొన్నవాడనును, “దుమ్ము లేస్తాంది సామీ!” అని చూడవచ్చినవాడనును, ఇంతటితో పరీక్ష సమాప్తము.

ఈ శాస్త్రమునకు దుకాణముననే అక్షరాభ్యాసము. అట్టపెట్టెపై “10,000 వాట్లు పి.ఎం.పి.ఓ.” అని బంగారువన్నె అంకెలు మెఱయుచుండ, మనవాడు వానిని భక్తితో చదివి, అడుగున సన్నని అక్షరములలోనున్న నికరమైన ఆర్.ఎం.ఎస్. లెక్కను చదువకయే రొక్కము చెల్లించును. గోడకున్న చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది; వోల్టేజి 230; రెంటిని హెచ్చవేసిన 1,380 వాట్లు. సాకెట్టే ఈయలేని పదివేలు పెట్టె యెచ్చటినుండి తెచ్చునని అడిగిన పాపాత్ముడు ఆ దుకాణమున ఇంతవఱకు పుట్టలేదు. పోనిండు, పదివేలును నిజమే యనుకొందము: అట్టి పెట్టెలు 21,000 ఏకకాలమున మ్రోగినచో, కలమల్ల దగ్గఱి రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రములో 210 మెగావాట్ల యూనిట్టొకటి అన్య వ్యాపారములన్నియు మాని వీనికే ఊడిగము చేయవలసివచ్చును. (క్రీ.శ. 575 ప్రాంతమున రేనాటి చోళుడైన ఎరికల్ ముత్తురాజు తెనుగున శాసనము వేయించినది ఆ కలమల్లలోనే. రాజైయుండియు ఆయన తన బలమును వాట్లలో చెప్పుకొనలేదు.)

ఇక సంధానము. నిజమునకు ఇందు చేయవలసిన పని మిక్కిలి కొంచెము. రిసీవరు వెనుక ‘సబ్ ఔట్’ అని వ్రాసియున్న రంధ్రమునుండి పెట్టె వెనుక ‘ఎల్.ఎఫ్.ఇ.’ అని వ్రాసియున్న రంధ్రమునకు ఒక్క ఆర్.సి.ఏ. వైరు, ఆ పేరు లేక ఎడమ కుడి రంధ్రములే యున్నచో ఎడమదానికి, అంతే. పవర్డ్ సబ్‌ఊఫరు కడుపులోనే దాని యాంప్లిఫయరున్నది గనుక దానికి రిసీవరునుండి కావలసినది సంకేతమే కాని శక్తి కాదు. ఇంత సులభమైన పనికి తన్ను పిలిచినందుకు చిన్నబుచ్చుకొన్న మెకానిక్కు మాత్రము, తన విద్యకు న్యాయము కలుగునట్లు, స్పీకరు వైర్లను పండ్లతో ఒలిచి, ఆర్.సి.ఏ. పిన్నునకు చుట్టి, సొంత యాంప్లిఫయరు గల పెట్టెకు మఱియొక యాంప్లిఫయరు బలమును నేరుగా పట్టించును. పొగ వచ్చినచో, “కంపెనీ మాలు సరిలేదప్పా” అను తీర్పు జేబులోనే సిద్ధము.

పొగ రాని ఇండ్లలో అసలు కథ రిసీవరు మెనూ తెఱచినపుడు మొదలగును. అందు ‘స్పీకర్ సైజ్’ అని యొక ప్రశ్న కలదు: లార్జా, స్మాలా? ఇది పెట్టె యెత్తును గూర్చిన ప్రశ్న కాదు. ‘స్మాల్’ అనగా, 80 హెర్ట్జ్‌కు దిగువనున్న మంద్రధ్వనుల బరువును ఈ స్పీకరుపై వేయక సబ్‌ఊఫరునకు పంపుమని రిసీవరునకిచ్చు ఉత్తరువు మాత్రమే. ఐనను, వేలకు వేలు పోసి, నడుమెత్తున నిలుచు స్పీకర్లను ఇంటికి తెచ్చుకొనిన గృహస్థునకు, బావమఱదులు సోఫాలో కూర్చుండి చూచుచుండగా, వానిని తన చేతితో ‘స్మాల్’ అని నొక్కుటకు మనసెట్లు వచ్చును? “ఇంతెత్తు ఉండేదాన్ని పట్టుకొని చిన్నదంటావేందప్పా!” అని మెకానిక్కును కసరి, లార్జ్ నొక్కించి, మీసము సవరించుకొనును. వంశగౌరవము నిలిచినది, మంద్రస్వరము పోయినది. ఏలనన, రాత్రి సినిమా పెట్టినపుడు 5.1 చానళ్ల ధ్వనిలోని చివఱి పాయింట్ వన్ మార్గము, అనగా 120 హెర్ట్జ్ వఱకు ప్రేలుళ్లకును కూల్పులకును ప్రత్యేకించిన మార్గము, సబ్‌ఊఫరునకు తిన్నగా పోయి దానిని గర్జింపజేయును గాని, తెల్లవాఱి స్టీరియోలో అన్నమయ్య కీర్తన పెట్టినంతనే పెట్టె మూగవోవును. రెండు చానళ్ల పాటలో ఆ మార్గము లేనే లేదు. ఉన్న మంద్రమంతయు లార్జ్ బిరుదాంకితులకే దక్కినది. అప్పుడు వైరు మార్తురు. ఫ్యూజు విప్పి చూతురు. పెట్టెను ఆటోలో వేసికొని దుకాణమునకు మోసికొనిపోదురు. అచ్చట అది నిక్షేపముగా మ్రోగును. “మాలు బంగారట్ల ఉండాది, మీ ఇంట్లో కరెంటే బాలేదు సామీ” అని వారు దానిని తిరిగి అప్పగింతురు. కరెంటునకును దోషము లేదని తేలిన పిమ్మట మిగిలినది వాస్తువు. బరువు నైరృతిలో నుండవలెను గనుక పెట్టె నైరృతి మూలకు చేరును.

మూలకు చేరిన సబ్‌ఊఫరు రెండు గోడల బలమును, నేల బలమును కలుపుకొని మఱింత పెద్దగా మ్రోగుమాట నిజమే. వాస్తు పండితునకు కీర్తియు వచ్చును. కాని గది తన లెక్క తాను చేసికొనును. ధ్వని సెకనునకు 343 మీటర్లు పోవునది. 40 హెర్ట్జ్ స్వరమున ఒక్కొక్క తరంగము సుమారు 8.6 మీటర్లు, అందు సగము 14 అడుగులు. మన హాలు పొడవును 14 అడుగులే యైనచో ఆ స్వరము ఈ గోడకును ఆ గోడకును నడుమ చిక్కుకొని, గోడలకడ ఉబ్బి, సరిగా గది నడుమ నశించును. గృహస్థు ఠీవిగా కుర్చీ వేసికొని కూర్చుండునది ఆ నడుమనే. తనకు వినబడలేదని బిరడా త్రిప్పును, ఇంకను వినబడదు, ఇంకను త్రిప్పును. గోడకు అవతల, ఆ గోడకే తలాపి పెట్టుకొని పండుకొనిన ప్రక్కింటి పెద్దాయనకు మాత్రము దైవము అన్నియు సమకూర్చినాడు. చెక్కచట్రముల గోడలు గల ఇండ్లకై వ్రాసిన విదేశీ సూచనల పుస్తకములను మనవారు ప్రమాణముగా గొనుట మఱియొక విడ్డూరము: అట్టి గోడలు కొంత మంద్రమును బయటికి జాఱవిడుచును, మన కాంక్రీటు కప్పును, దళసరి గోడలును, క్రింద పఱచిన కడప బండలును చాలవఱకు విడువక గదిలోనే కుమ్మును. తక్కువ చాలునని ఇల్లే చెప్పుచున్నది. దీనికి మార్గము లేకపోలేదు. పెట్టెను తాను కూర్చుండు చోట నుంచి, తాను గోడల వెంబడి నేలపై ప్రాకుచు, స్వరము ఎచ్చట సమముగా వినబడునో అచ్చట దానిని నిలుపవలెను. తిరుమలలో తడిబట్టలతో అంగప్రదక్షిణమునకు వెనుదీయని భక్తుడు తన హాలులో పది అడుగులు ప్రాకుమనిన మాత్రము ఒప్పుకొనడు.

పెట్టె వెనుక ‘ఫేజ్’ అని 0, 180 అను రెండు స్థానముల మీట యొకటి కలదు. ముందు స్పీకర్లును సబ్‌ఊఫరును 80 హెర్ట్జ్ దగ్గఱ ఒకదాని నొకటి చెఱుపుకొనుచున్నప్పుడు దానిని అటునిటు త్రిప్పి, కూర్చుండు చోటినుండి విని, నిండుగా వినబడిన వైపున విడుచుటయే చికిత్స. దానిని ఎవరును తాకరు గనుక దానిపై అపవాదును లేదు.

అపవాదంతయు ‘గుయ్’ అను రోదది. 50 హెర్ట్జ్‌న, దాని రెట్టింపున, పాట లేకున్నను మ్రోగుచుండు ఆ రోదకు మన వీధులలో ఒక సిద్ధౌషధమున్నది: ఎర్తు తీసివేయుట. మూడు పిన్నుల ప్లగ్గులో పైనుండు పిన్నును చూడుడు. అది తక్కిన రెంటికన్న లావు, పొడవు. అందఱికన్న ముందు తగిలి, అందఱికన్న వెనుక విడుచుటకు దానినట్లు చేసినారు. సిద్ధహస్తుడు ఆ ప్లగ్గును కోసి పాఱవైచి, పై రంధ్రమున స్క్రూడ్రైవరు గ్రుచ్చి లోపలి మూతలను పైకెత్తి, రెండు వైర్లను క్రింది రంధ్రములలో దూర్చి, ఊడకుండ అగ్గిపుల్లలు బిగించును. రోద ఆగును. ఇల్లెల్ల ఆయనను మెచ్చుకొనును. రేపు లోపలి తీగ యొకటి తెగి లోహపు పెట్టెకు తగిలినచో, ఆ విద్యుత్తు భూమిని చేరుటకు దుమ్ము తుడువవచ్చిన ఇల్లాలి చేయి తప్ప వేఱు త్రోవ యుండదను మాట ఆయన కూలిలో చేరదు. రోదకు మూలము తఱచుగా వేఱొకచోట నుండును: ఇంటి ఎర్తొకటి, కేబుల్ టీవీ వైరు వెంట వచ్చు ఎర్తు మఱొకటి, రెంటికిని పొత్తు కుదురదు. ఆ కేబులును ఒక్క నిమిషము పీకి చూడుమనినచో, “సీరియల్ పోతాది” అని లోపలినుండి గొంతు వినబడును. రిసీవరును పెట్టెను ఒకే బోర్డునకు పెట్టుమనిన, దానికి వైరు పొట్టి. ఇక పెరటిలోని ఎర్తుగుంత సంగతి చెప్పనక్కఱలేదు. బొగ్గును ఉప్పును పోసి పూడ్చిన ఆ గుంత చెమ్మ యున్నంతవఱకే పనిచేయును. మన ఎండలకు అది జూన్ వఱకు బండబాఱి యుండును. ట్యాంకరు కొఱకు వీధియంతయు బిందెలతో నిలుచు దినములలో, ఒక బిందెడు గుంతలో పోయుమని ఏ మొగముతో చెప్పుదుము?

నిద్ర చెడిన ప్రక్కింటి పెద్దాయనకు చట్టమైన దిక్కగునేమో చూతము. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతమున పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు మించరాదు. కాని ఆ డెసిబెళ్లను కొలుచు ‘ఏ’ తూకము మనిషి చెవి ననుసరించి మంద్రమును తగ్గించి చూచును. 40 హెర్ట్జ్ దగ్గఱ సుమారు 35 తగ్గించును. మంచమును వణికించు 80 డెసిబెళ్ల మంద్రఘోష ఆ మీటరున 45గా తేలి, చట్టబద్ధమై, నిరపరాధియై బయటికి వచ్చును. “మీటర్లోనే సరింగా ఉంది కదప్పా, ఇంగేంది?” అని గృహస్థు గెలుచును. గెలిచిన సంతోషమున రెండవ సబ్‌ఊఫరు కొనును. ఇది మాత్రము శాస్త్రసమ్మతమే: ఎదురెదురు గోడల మధ్యబిందువుల కడ నొకటొకటిగా రెండు నుంచినచో గదిలోని ఉబ్బులును పల్లములును చాలవఱకు చదునగును, ధ్వని తగ్గించియు హాయిగా వినవచ్చును. ఆయన దానిని మొదటిదానిపైన, అదే నైరృతి మూలన ఎక్కించినాడు.