ఆవకాయ జాడీ ఎక్కడ పెట్టాలి?

మా ఇంట్లో ఈమధ్య ‘పేలోడ్’ అన్న మాట లేకుండా కాఫీ కూడా దిగడం లేదు. డాలస్‌లో రిటైరైన తెలుగాయనకి గుడి కమిటీయో, హైదరాబాద్‌లో ఫ్లాటు అద్దె గొడవో ఉండాలి. మా ఆయనకి ఫిఫ్త్ వీల్ ట్రైలర్ మీదికి, అంటే ట్రక్కు లాక్కెళ్లే చక్రాల ఇంటి మీదికి పోయింది మనసు. ట్రైలర్ నచ్చింది, సామానుతో కలిపి 14,000 పౌండ్లది. దాన్ని లాగే ట్రక్కే తేలడం లేదు.

షోరూమ్ కుర్రాణ్ణి ఏ ట్రక్కు గురించి అడిగినా ‘ఇట్టే లాగేస్తుంది’ అంటాడు. లాగడం ఎవడిక్కావాలి నాయనా, మోస్తుందా? ఈ ట్రైలర్ వెనక బంపర్‌కి తగిలించేది కాదు. దాని ముక్కు వచ్చి ట్రక్కు బెడ్‌లో, వెనక ఇరుసు మీద కూర్చుంటుంది. మొత్తం బరువులో 20 నుంచి 25 శాతం ట్రక్కు నెత్తినే. అంటే తక్కువలో తక్కువ 2,800 పౌండ్లు. ట్రక్కు ఎంత మోయగలదో, అదే ఆ పేలోడ్, డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ప్రకటనల్లో పెద్దక్షరాలు మాత్రం లాగుడుకే. ఆ లాగుడు లెక్క కూడా ముందు సీట్లలో ఇద్దరు, తలా 150 పౌండ్లు అనుకుని కట్టింది. ఆ కొలతకి సరిపోయే దంపతులు మా పెళ్లి ఆల్బమ్‌లో ఉన్నారు.

ఎఫ్-250 డీజిల్ ట్రక్కు చూశాం. స్టిక్కర్ మీద రెండువేల చిల్లర. డీజిల్ ఇంజను బరువు, ఆ బరువూ మన ఖాతాలోనే.

అప్పుడు మొదలైంది నా వంటింటి మీద దాడి. ఆవకాయ జాడీ ట్రక్కులో పెడితే బరువంతా పేలోడ్‌లోకే పోతుందట. పోనీ ట్రైలర్ ముందరి అరలో పెడతానన్నాను. అది చక్రాలకి ముందుంది, సగం పైగా ట్రక్కు మీదే పడుతుందన్నారు. వెనక పెడితే? వెనక్కి బరువు పెరిగితే ముక్కు తేలికై, హైవే మీద ట్రైలర్ తోక ఊపుతుందట! “సరిగ్గా చక్రాల మీద పెట్టవే” అన్నారు. సరిగ్గా చక్రాల మీద ఉన్నది బాత్రూమ్. మా అమ్మ చెప్పిన మడి నియమాల్లో ఇరుసుల ప్రస్తావన లేదుగానీ, ఆవకాయ బాత్రూమ్‌లో పెట్టకూడదని మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలుసు. గ్రైండర్ సంగతి ఇంకా ఎత్తలేదు నేను. గాలన్ నీళ్లు ఎనిమిది పౌండ్ల పైమాటేనని, మంచినీళ్ల ట్యాంకు నింపాలా వద్దా అని ఆయనే రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నారు. కొన్నాక ట్రక్ స్టాప్‌లో లారీలు తూచే కాటా మీదికి ఎక్కించి చూస్తారట. నన్ను దిగమననంతవరకు నాకేం అభ్యంతరం లేదు.

ఇక మిగిలింది ఎఫ్-350 డ్యూయలీ, వెనక నాలుగు చక్రాలది. ఏదైనా మోస్తుంది. ఎనిమిది అడుగుల వెడల్పు, లాంగ్ బెడ్ తీసుకుంటే 22 అడుగులు దాటిన పొడవు. మా గరాజ్ 20 అడుగులు. బయట పెడదామంటే కాలనీ అసోసియేషన్ వారు ఉత్తరాలు రాయడంలో మహా చురుకు.

అసలు ట్రైలర్ అంత బరువెందుకంటే, వెనక పిల్లల బంకుల గది ఉంది కనక. అది లేని చిన్న ట్రైలర్‌కి, ఇప్పుడున్న పికప్పే చాలు. ఆ మాటే అన్నాను.

“మనవలొస్తే ఎక్కడ పడుకుంటారే?” అన్నారాయన. ఒకడు సియాటిల్, ఒకతె న్యూజెర్సీ. వేసవి వస్తే వాళ్లకి కోడింగ్ క్యాంపులు, ఈత క్యాంపులు.

ఆయన లెక్కలేసుకున్న పేలోడ్ కాగితం చూస్తే వెనక సీట్లో వాళ్ల బరువులు కూడా వేసి ఉన్నాయి. చిన్నదానికి నలభై పౌండ్లు. అది కిందటిసారి వచ్చినప్పటి బరువు. ఇప్పుడెంతుందో వాళ్లమ్మకి ఫోన్ చేసి కనుక్కోవాలి.