హాజరుపట్టీ న్యాయం

శ్రీలంక ప్రభుత్వానికి లెక్కలు రావని ఎవరైనా అంటే నేనొప్పుకోను. చెప్పాపెట్టకుండా పటాలం వదిలిపోయిన సిపాయిల లెక్క అడగండి, ఠక్కున చెబుతారు. 2024 ఏప్రిల్ 20 నుంచి నెల రోజులు గడువిచ్చి, వచ్చి కాగితాలు సరిచేసుకోండి, ఏమీ అనం అన్నారు. 15,000 మందికి పైగా ఆ అవకాశం వాడుకుని చట్టప్రకారం కొలువు నుంచి విడుదలయ్యారు. ఇలాంటి క్షమాభిక్షలు అక్కడ కొత్తేమీ కాదు, అంతకుముందూ చాలాసార్లు ప్రకటించారు. ప్రాణభయంతో పోయినవాడు, అప్పులబాధకు పోయినవాడు, చూడరానిది చూసి పోయినవాడు, హాజరుపట్టీకి అందరూ ఒకటే. గైర్హాజరు!

సరే, ఇప్పుడు రెండో లెక్క. 2009 మొదట్లో, అంతర్యుద్ధం చివరి నెలల్లో, ఉత్తరాన వన్నిలో సైన్యానికీ తమిళ పులులకూ (ఎల్టీటీఈ) మధ్య చిక్కుకున్న పౌరులెంతమంది అంటే 70,000 అంది ప్రభుత్వం. రెండున్నర లక్షలుంటారు మొర్రో అని ఐక్యరాజ్యసమితి వాళ్ళు మొత్తుకున్నా వినలేదు. తిండీ మందులూ ఆ కాకిలెక్క ప్రకారమే తూచి పంపారు. మే నెలలో యుద్ధం ముగిశాక మెనిక్ ఫామ్ తదితర శిబిరాల్లో, ముళ్ళకంచెల వెనక తేలినవాళ్ళు 2,80,000కు పైనే. లోపల 70,000, బయటికొచ్చింది 2,80,000. ఈ తీసివేత ప్రకారం చనిపోయినవాళ్ళు మైనస్ రెండు లక్షల పదివేలు రావాలి. అయినా ప్రభుత్వం వినయంగా సున్నాతో సరిపెట్టుకుంది. ఒక్క పౌరుడి ప్రాణమూ పోకుండా మానవతా సహాయ చర్య జరిపామంది.

2011లో ఐరాస నిపుణుల బృందం, చివరి నెలల్లో చనిపోయిన పౌరులు 40,000 వరకు ఉండొచ్చని రాసింది. కాల్పులు జరపని ప్రాంతమని సర్కారే గీత గీసిన చోట ఫిరంగి గుండ్లు పడ్డాయనీ, ఆసుపత్రులనూ వదల్లేదనీ రాసింది. దానికి అధ్యక్షుడు మహింద రాజపక్స ఇచ్చిన జవాబు మాత్రం పటం కట్టించుకోదగ్గది. మా జవాన్లు ఒక చేత తుపాకి, ఇంకో చేత మానవ హక్కుల పత్రం పట్టుకుని, బందీలను భుజాన మోసుకుంటూ, గుండెల్లో పిల్లల మీది ప్రేమతో యుద్ధానికి వెళ్ళారు అన్నాడాయన. పాపం, రెండు చేతులూ ఖాళీ లేవు, భుజాలూ ఖాళీ లేవు. మరి ఫిరంగులు ఎవరు పేల్చినట్టు? ఆ ఆగస్టులో రక్షణశాఖే ఒక నివేదిక అచ్చేసి, అంత పెద్ద యుద్ధంలో పౌరులు అసలు చావకుండా ఉండటం అసాధ్యమని మెల్లిగా ఒప్పుకుంది.

పులులు తక్కువ తిన్నారని కాదు. జనాన్ని అడ్డుగోడలా నిలబెట్టుకున్నారు, పసిపిల్లలకు తుపాకులిచ్చారు, తప్పించుకుని పోబోయినవాళ్ళను వాళ్ళే కాల్చారు. పారిపోవడాన్ని మించిన పాపం లేదన్న విషయంలో రెండు పక్షాలకూ భేదాభిప్రాయం లేదు.

మిరుసువిల్ సంగతి చూడండి. జాఫ్నా ద్వీపకల్పంలో చిన్న ఊరు. 2000 డిసెంబరులో, యుద్ధానికి భయపడి వదిలిపోయిన ఇళ్ళూ వాకిళ్ళూ ఎలా ఉన్నాయో చూసుకుందామని వెళ్ళిన ఎనిమిదిమంది తమిళుల గొంతులు కోశారు. వాళ్ళలో అయిదేళ్ళ పసివాడున్నాడు. శవాలు మరుగుదొడ్డి గోతిలో దొరికాయి. దెబ్బలతో తప్పించుకున్న ఒకాయన చెప్పబట్టి లోకానికి తెలిసింది. 2015లో ఒక సార్జెంటుకు మరణశిక్ష పడింది, 2019లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 2020 మార్చిలో, దేశమంతా కరోనాకు తలుపులు బిగించుకున్న వేళ, అధ్యక్షుడు గోటబయ రాజపక్స ఆయనకు జైలు తలుపులు తెరిచాడు. పూర్తి క్షమాభిక్ష. గడువు తేదీలు లేవు, క్యూలో నిలబడే పని లేదు. ఆ సార్జెంటు చేసిన తెలివైన పని ఒక్కటే, డ్యూటీ ఎగ్గొట్టలేదు.

2025 ఫిబ్రవరిలో ఇంకో ముచ్చట. పరారీ సిపాయిలు కిరాయి హత్యల ముఠాల్లో చేరుతున్నారు, పట్టుకురండని రక్షణశాఖ ఉత్తర్వు. తుపాకి పట్టడం ఎక్కడ నేర్చారో అని ఆశ్చర్యపోయినట్టుంది.

ఇక ఈ కథలో అందరికన్నా పెద్ద పరారీ గురించి. 2009లో రక్షణ కార్యదర్శి ఈ గోటబయే. అధ్యక్షుడయ్యాక, 2020 జనవరిలో ఐరాస ప్రతినిధితో, యుద్ధంలో కనిపించకుండా పోయినవాళ్ళంతా చనిపోయారు, మరణ ధ్రువపత్రాలిస్తాం అన్నాడు. కిళినొచ్చిలో 2017 నుంచి రోడ్డు పక్కన ఫొటోలు పట్టుకుని కూర్చున్న తల్లులు, మా పిల్లలు లొంగిపోయింది మీ సైన్యానికే కదా, ఎప్పుడు, ఎలా చనిపోయారు అన్నారు. అక్కడ ప్రభుత్వం మళ్ళీ లెక్కలు మరిచిపోయింది. 2022లో పెట్రోలు లేక, మందులు లేక జనం ఆయన ఇంటి మీదికే వచ్చేసరికి, జూలై 13న తెల్లవారకముందే సర్వసైన్యాధిపతి గారు వైమానికదళం ఆంటనోవ్ విమానంలో, భార్యతో, ఇద్దరు అంగరక్షకులతో మాల్దీవులకు ఎగిరిపోయారు. రాజీనామా మర్నాడు సింగపూరు నుంచి ఈమెయిల్లో వచ్చింది. మామూలు సిపాయి బస్సు టికెట్టు కొనుక్కుని పారిపోతాడు. ఈయన సైన్యం విమానంలోనే సైన్యాన్ని వదిలిపోయారు.

అరెస్టు వారెంటు లేదు, నెల గడువూ లేదు. సెప్టెంబరు 2న తిరిగొస్తే కొలంబో విమానాశ్రయంలో అధికార పక్షం నాయకులు దండలు పట్టుకుని తోసుకున్నారు. ప్రభుత్వ బంగళా ఇచ్చారు, గేటు దగ్గర సాయుధ కాపలా పెట్టారు. ఆ కాపలావాళ్ళు మాత్రం ఊరెళ్ళాలంటే ముందుగా సెలవుచీటీ రాసుకోవాలి.