అట్ట ఉంటే చాలట!

మొన్న ఆదివారం సికింద్రాబాదులో ఓ పుస్తకావిష్కరణకు వెళ్లాను. రాసినవాడు మా పెదనాన్న గారి వేలువిడిచిన మనవడు, తప్పదు. స్టేషన్ ఎదురుగా ఆల్ఫాలో చాయ్ తాగి హాలుకి చేరేసరికి వేదిక మీద తొమ్మిదిమంది, కింద ఏడుగురం. అందులో ఇద్దరు మైకుసెట్టు కుర్రాళ్లు.

ముఖ్య అతిథి గారు రంగు కాగితం విప్పి, "పుస్తకం చదివే తీరిక దొరకలేదు గానీ" అని మొదలుపెట్టి నలభై నిమిషాలు వాయించారు. అందులో ముప్పై బ్లాగుల మీద. ఎవడు పడితే వాడు రాసేస్తున్నాడట. దిద్దే దిక్కు లేదట. ప్రమాణాలు లేవట. పైసా ఖర్చు లేకుండా రచయితలైపోతున్నారట! అసలు మంట ఆ చివరి మాటలోనే ఉంది.

మావాడు మరి ఖర్చు పెట్టాడు. మూడొందల కాపీలు, సొంత డబ్బు. ప్రచురణ సంస్థ భార్య పేరున, గోడౌను ఇంటి అటక. ఇక దిద్దే దిక్కు సంగతి. వాడు నవలంతా ఫోన్లో కొట్టి వాట్సాప్‌లో పంపాడు. అది యూనికోడ్. డీటీపీ అతనికి పేజ్‌మేకరూ అను ఫాంట్లూ తప్ప మరొకటి తెలియదు. ఇందులోంచి అందులోకి మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు ఎగిరిపోయాయి. 37వ పేజీలో హీరో చెల్లి ఒత్తు పోగొట్టుకుని చెలి అయి కూర్చుంది. కుటుంబ నవల అది! బ్లాగులోనైతే ఎవడో 'అజ్ఞాత' పది నిమిషాల్లో తిట్టిపోసి దిద్దించేవాడు. ఇక్కడ మూడొందల కాపీల్లోనూ ఆ పిల్లకి అదే గతి. దీని పేరు ప్రమాణం, దీనికి శాలువా.

అలాగని బ్లాగరుకి హారతి పట్టను. ఆ వైభవమూ చూశాను. వీవెన్ గారి లేఖిని పుణ్యమా అని ఇంగ్లీషు మీటల మీద తెలుగు కొట్టడం వచ్చిన రోజులవి. బ్లాగులన్నీ ఒకచోట చూపే కూడలి, జల్లెడ తెరిస్తే అమలాపురం నుంచి అట్లాంటా దాకా అందరూ అక్కడే. మొదటి టపా "నేనూ బ్లాగు మొదలెట్టానోచ్". రెండోది అమ్మమ్మ ఆవకాయ. మూడోది కామెంట్లు పెట్టనివాళ్ల మీద అలక. నాలుగోది వీడ్కోలు, అయిదోది బతిమాలితే తిరిగొచ్చిన వైనం. పత్రికల పని అయిపోయిందని నెలకోసారి తద్దినం పెట్టిన మహానుభావుడొకడు, ఆదివారం అనుబంధంలో తన పేరు రెండంగుళాలు పడితే కత్తిరించి లామినేషన్ చేయించాడు. ఫేస్‌బుక్కు రాగానే గురువులందరూ అటు ఉరికారు. బ్లాగులు తాళం వేసిన కొంపలైపోయాయి.

సభ జరిగిన ఈ ఊరికి అచ్చంటే ఏమిటో తెలీక కాదు. ఎమెస్కో పాకెట్ పుస్తకాల మీద మచిలీపట్నం, మద్రాసుల సరసన సికింద్రాబాదు పేరూ ఉండేది. ఇంటింటా సొంత గ్రంథాలయం అంటూ పోస్టులో నవలలు ఇళ్లకొచ్చేవి. సరోజినీదేవి రోడ్డులోంచి వెలువడిన ఆంధ్రభూమి వారపత్రికలో తులసిదళం సీరియల్ వస్తుంటే జనం రాత్రి దీపం ఆర్పడానికి జంకారు. పక్కనే హైదరాబాదులో, తెలంగాణలో కవులే లేరన్న పెద్దమనిషి మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేశారు. "మీరూ ఓ రాతగాళ్లేనా" అనే వెక్కిరింత అప్పుడూ ఉంది. ఇప్పుడు అదే గొంతు బ్లాగరు మీదికి లేస్తోంది, అంతే.

అప్పుడున్నదీ ఇప్పుడు లేనిదీ ఒకే ఒక్క మనిషి. పత్రికాఫీసులో అరిగిపోయిన కుర్చీలో కూర్చుని, ఎర్రసిరాతో మన మూడో పేరా కొట్టేసి, స్టాంపులంటించి మనం జతచేసిన కవర్లోనే కథ తిప్పికొట్టే సబ్‌ఎడిటరు. వాణ్ని బ్లాగరు పిలవనే లేదు. మావాడిలాంటి అట్ట దొరలు జీతమివ్వలేక పంపేశారు. అప్పట్లో టపా అంటే తిరిగొచ్చేది, ఇప్పుడు టపా అంటే తిరుగులేనిది. పుస్తకం కూడా అంతే, కాకపోతే బరువెక్కువ.

సరోజినీదేవి రోడ్డు ఆంధ్రభూమి అచ్చు 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ఆగింది. మళ్లీ మొదలు కాలేదు. ప్రమాణాల గురించి వాపోయిన ఆ వేదిక మీద తొమ్మిదిమందిలో ఒక్కరూ దాని ఊసెత్తలేదు.

సభ వార్త మర్నాడు పేపర్లో వచ్చింది, పుస్తకం పేరు తప్పుగా. మావాడు దాన్ని ఫొటో తీసి, పదేళ్లుగా మూతపెట్టిన తన బ్లాగు దుమ్ము దులిపి మరీ అందులో పెట్టాడు.

మీకు కాపీ కావాలంటే కబురు చేయండి. అటక మీద ఇంకా రెండొందల అరవై ఉన్నాయి. కొరియర్ ఖర్చు వాడే పెట్టుకుంటాడు. 37వ పేజీలో ఒత్తు మాత్రం మీరే పెట్టుకోవాలి.