612ను ఆరుగురికి పంచితే ఎంత?

మహారాజశ్రీ పాఠశాల విద్యాశాఖ వారి సముఖానికి, ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రులు విన్నవించుకునేది.

తమ దయవల్ల లెక్కల పాఠం చాలా ఎదిగింది. బల్ల మీద గణిత కిట్టు, గోడ మీద చార్టు, టీచరు చేతిలో యాప్. ప్రైవేటు బడుల్లో ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్. ఎక్కాలు వల్లెవేయించడం ఒక్కటే నామోషీ అయిపోయింది.

లోటల్లా ఒకటే. 612ను 6తో భాగించమంటే పిల్లవాడు 12 అని రాస్తున్నాడు. ఆరులో ఆరు ఒకసారి పోయింది. ఒకటి దించాడు, అందులో ఆరు పోదు. రెండు కూడా దించితే పన్నెండయింది, అందులో ఆరు రెండుసార్లు. మధ్యలో పెట్టాల్సిన సున్నా ఎగిరిపోయి 102 కాస్తా 12 అయింది. పిల్లవాడికి అనుమానమే రాలేదు. అదే 612 రూపాయలు ఆరుగురికి పంచుతూ తన చేతిలో పన్నెండు పెడితే ఊరుకుంటాడా? మిగతాది ఎవరు నొక్కేశారని వీధికెక్కుతాడు.

పల్లెల్లో పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే ప్రకారం, ఇలాంటి భాగహారం చేయగలిగిన ఐదో తరగతి పిల్లలు దేశంలో 2022లో 25.6 శాతం, 2024లో 30.7 శాతం. పెరిగింది, సంతోషం. ఆ పెరుగుదలను కేంద్రం వారి నిపుణ్ భారత్ ఖాతాలో వేసుకున్నా, తెలంగాణ వారి తొలిమెట్టు ఖాతాలో వేసుకున్నా అభ్యంతరం లేదు. నూటికి మిగిలిన డెబ్బై మంది ఎవరి ఖాతా?

పిల్లలకు బుర్ర లేదనడానికీ వీల్లేదు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లలను పరీక్షించి 2025లో ‘నేచర్’ పత్రికలో ఫలితాలు వెల్లడించింది. కిలో 20 రూపాయల బంగాళాదుంపలు 800 గ్రాములు, కిలో 15 రూపాయల ఉల్లిపాయలు కిలో 400 గ్రాములు ఇమ్మంటే, 37 రూపాయలని నోటితోనే లెక్కకట్టి, 200 నోటుకు 163 చిల్లర ఇచ్చే పిల్లలు వాళ్లు. బడిలో నేర్పే తరహాలో లెక్క కాగితం మీద పెడితే చాలామంది చేయలేకపోయారు. బజారు మొహం చూడని బడిపిల్లల సంగతి సరిగ్గా తిరగబడింది: కాగితం మీద గట్టెక్కినవాళ్లు బేరం దగ్గర తేలిపోయారు. బడికీ బజారుకూ మధ్య గోడ కట్టిందెవరో తమరే విచారణ జరిపించాలి.

పద్ధతులు మార్చే సరదా తమరొక్కరికే లేదు లెండి. 1957లో స్పుత్నిక్ ఎగిరిన కంగారులో అమెరికా ‘న్యూ మ్యాథ్’కు ఊపునిచ్చి చిన్నపిల్లలకు సమితులు బోధించింది. చివరికి ‘జానీకి కూడికలెందుకు రావు?’ అంటూ 1973లో గణితవేత్త మోరిస్ క్లైన్ ఏకంగా పుస్తకమే రాయాల్సివచ్చింది.

కిట్టు మీద కోపం లేదు. వంద పుల్లల కట్టలు ఆరు, పది పుల్లల కట్ట ఒకటి, విడిపుల్లలు రెండు ముందుంచి పంచమంటే, పది కట్ట ఆరుగురికీ చాలదని పిల్లవాడికే తెలుస్తుంది. సున్నా ఎందుకొచ్చిందో అక్కడే బోధపడుతుంది. కానీ ఆ పంపకానికి అరగంట పడుతుంది. అంత తీరిక సిలబస్ తరుముతున్న టీచరుకు ఎక్కడిది?

కోరేది కాస్తే. లెక్క మొదలుపెట్టకముందే జవాబు వందకు పైన వస్తుందా, లోపల వస్తుందా అని పిల్లల్ని అడిగే వీలు టీచరుకు ఇవ్వండి. ఎక్కాలు మళ్లీ నోటికి రానివ్వండి. పిల్లలు చేసిన తప్పు లెక్కలు తాపీగా చదివి, ఎక్కడ దారి తప్పారో చూడటానికి టీచరుకు వారానికో పీరియడ్ యాప్ లేకుండా వదిలిపెట్టండి. ఇందుకు టెండర్లు పిలవనక్కర్లేదు.

ఇట్లు,
తమ విధేయులు,
ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రులు