నెట్ నెమ్మదిగా ఉంటే పెద్ద ఫైలే దించుకోండి

కుప్పం పక్క పల్లెలో సిగ్నల్ కోసం మిద్దెక్కేవాళ్లకు ఈ సలహా తలకిందులుగా వినిపిస్తుంది. అయినా పట్టుబట్టే చెబుతాను. ఆన్‌లైన్ ఇన్‌స్టాలర్ అనే ఆ చిన్న ఫైలులో అసలు సరుకు ఉండదు. నొక్కాకే నెట్‌లోంచి తెచ్చుకుంటుంది, పది కంప్యూటర్లుంటే పదిసార్లూ తెస్తుంది. పూర్తి ఇన్‌స్టాలర్‌ను మదనపల్లెలో ఒక్కసారి దించి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే పుంగనూరులోనూ కుప్పంలోనూ నెట్ లేకుండానే పనైపోతుంది.

డేటా మిగలడం చిన్న సంగతి. గోప్యత కోసం పెట్టుకునే సాఫ్ట్‌వేరు, పెట్టుకునేటప్పుడే ఎవరికో కబురు పంపితే ఎలా? విండోస్‌లో ఫైర్‌ఫాక్స్ చిన్న ఇన్‌స్టాలర్ పని పూర్తయినా, మధ్యలో ఆగినా ఆ సంగతి మొజిల్లాకు చేరవేస్తుంది. అందులో దురుద్దేశం ఉందనను. కానీ ఆ కబురు వెళ్లకుండా ఉండే దారి ఉన్నప్పుడు అదే పట్టాలి. ఫైర్‌ఫాక్స్‌కు పూర్తి ఇన్‌స్టాలర్ వేరుగా ఉంది. అదీ కబురు పంపగలదు గానీ, చివర్లో ఆ గడిలో టిక్కు తీసేయవచ్చు. టార్ బ్రౌజర్, ఫైళ్లకు తాళం వేసే వెరాక్రిప్ట్, పాస్‌వర్డ్‌లు దాచే కీపాస్‌ఎక్స్‌సీ ఎలాగూ పూర్తి ఫైళ్లుగానే దొరుకుతాయి.

దించాక వెంటనే నొక్కకండి. “మావోడే కదా ఇచ్చింది” అని అసలే నొక్కకండి. టమాటా రైతు విత్తన ప్యాకెట్ సీలు, లాట్ నంబరు చూశాకే నారు పోసినట్టు ముందు ఫైలును పరీక్షించాలి. విండోస్‌లోనే ఉన్న సెర్ట్‌యుటిల్‌తో ఫైలుకు వేలిముద్ర లాంటి 64 అక్షరాల షా-256 హాష్ తీసి, సైట్‌లో ఇచ్చినదానితో పోల్చవచ్చు. నా లెక్కలో అది సగం పనే. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సైట్‌లోకి చొరబడ్డవాళ్లు డౌన్‌లోడ్ లింకును తమ దొంగ ఫైలు వైపు తిప్పేశారు. లింకు మార్చగలిగినవాడికి పక్కనున్న హాష్ మార్చడం ఎంతసేపు? అందుకే జీపీజీ సంతకం చూడాలి. ఆ సంతకం పెట్టే రహస్య తాళంచెవి తయారీదారుల దగ్గరే ఉంటుంది, సైట్‌లో ఉండదు. ఎవరికైనా పెన్‌డ్రైవ్ ఇస్తే సంతకం ఫైలు కూడా కలిపి ఇవ్వండి. అయితే తయారీదారుల ఇంట్లోనే దొంగ దూరితే సంతకమూ కాపాడదు. 2017లో కంప్యూటర్‌ను శుభ్రం చేసే సీక్లీనర్ విషయంలో జరిగింది అదే.

ఇక అంత కష్టపడి తెచ్చిన ఫైలును పనయ్యాక దాచుకోవద్దు, పారేయండి! ఎప్పుడూ కొత్త వెర్షనే తేవడం ఆన్‌లైన్ ఇన్‌స్టాలర్‌కున్న మంచి గుణం. పెన్‌డ్రైవ్‌లో నెలల తరబడి ఉన్న టార్ బ్రౌజర్‌లో, ఈపాటికి లోకమంతటికీ తెలిసిపోయిన కన్నాలు ఉంటాయి. పాతది పెట్టక తప్పకపోతే, నెట్ అందగానే మిగతా సైట్ల జోలికి పోకుండా ముందు అప్‌డేట్ చేయండి.

ఫైలు మంచిదైనా కంప్యూటర్ మనది కాకపోతే చిక్కే. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కుప్పంలో ఐ-కమ్యూనిటీ పేరిట అందరూ వాడుకునే కంప్యూటర్ కేంద్రాలు తెరిచింది. నేర్చుకోవడానికి అలాంటివి మంచివే. గుట్టు దాచుకోవడానికి మాత్రం పనికిరావు. నెట్ సెంటర్ కంప్యూటర్‌లో వెరాక్రిప్ట్ పెట్టి పాస్‌వర్డ్ కొట్టకండి. నొక్కిన ప్రతి మీటనూ రాసుకునే ప్రోగ్రామ్ అందులో ముందే ఉంటే, ఏ ఇన్‌స్టాలర్ వాడినా ఒకటే.