తొక్కితేనే పలుకుతాను

నన్ను తొక్కితే నాకు కోపం రాదు. కాలు పడకపోతేనే దిగులు. హైదరాబాద్‌లో ఒక పెళ్లి ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించే ఆయన పాదాల దగ్గర నా కాపురం. బృందంలో అందరూ ఆయన్ని ‘అన్నా’ అంటారు కాబట్టి నాకూ అన్నే. నన్ను మాత్రం అందరూ ‘డబ్బా’ అంటారు. మర్యాదగా చెప్పాలంటే నేను మల్టీ ఎఫెక్ట్స్ పెడల్‌ని. కంపెనీ సరుకును కాను, ఇంట్లో చేసినదాన్ని.

నా మెదడు పేరు రాస్ప్‌బెర్రీ పై 4. అది పుట్టింది వేల్స్‌లో, పెన్‌కోయెడ్ అనే ఊళ్లోని సోనీ ఫ్యాక్టరీలో. ఏటీఎం కార్డంత బోర్డు. పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి చవకగా ఒక కంప్యూటర్ ఉండాలని కేంబ్రిడ్జ్ వాళ్లు 2012 ఫిబ్రవరి 29న మొదటి పైని విడుదల చేశారు. నా తరం 2019లో వచ్చింది. చదువు చెప్పడానికి పుట్టిన వంశం మాది, నేనేమో కోఠి గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ కొట్లో అన్న చేతికి చిక్కి పెళ్లిపందిట్లో తేలాను.

నాలుగు కోర్లు, ఒకటిన్నర గిగాహెర్ట్జ్ వేగం, 40 పిన్నులు, అన్నీ ఉన్నాయి. చెవులే లేవు. పాట వినిపించే రంధ్రం ఇచ్చారు గానీ గిటార్ గుచ్చే రంధ్రం ఇవ్వలేదు. అందుకని అన్న నా నెత్తిన ఒక సౌండ్ కార్డు ఎక్కించాడు. గిటార్ పికప్ నుంచి వచ్చే సిగ్నల్ మహా నాజూకుది. దాని మీద బరువు వేస్తే పైస్వరాల్లోని మెరుపు చచ్చిపోతుంది. కాబట్టి ముందు ఒక మెగా ఓమ్ ఇంపెడెన్స్‌తో చిన్న బఫర్ సర్క్యూట్ అతికించాడు. ఇంట్లో పాప టిఫిన్ డబ్బాకు చిల్లులు పొడిచి నన్ను అందులో కూర్చోబెట్టాడు. మొదటి రోజు రిహార్సల్‌లోనే మూత సొట్ట పోయింది, ఇంట్లో చీవాట్లు పడ్డాయి. తర్వాత మందపాటి అల్యూమినియం పెట్టె వచ్చింది గానీ పాత పేరు పోలేదు.

మా జాతికి పేరొచ్చిందే ఒక పొరపాటు వల్ల. 1960 దశకం మొదట్లో అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక రికార్డింగ్ జరుగుతుండగా మిక్సర్‌లో ఒక భాగం పాడై, గిటార్ శబ్దం చిరిగిన గుడ్డలా వచ్చింది. ఆ చిరుగే బాగుందనిపించి, గ్లెన్ స్నాడీ అనే ఇంజనీరు దాన్ని కావాలని పుట్టించే సర్క్యూట్ తయారుచేశాడు. అదే 1962లో మాయెస్ట్రో ఫజ్‌టోన్ పెడల్‌గా అమ్మకానికి వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ కీత్ రిచర్డ్స్ ‘శాటిస్‌ఫాక్షన్’ పాటలో దాన్ని వాడాక లోకమంతా ఆ చిరిగిన శబ్దం వెంట పడింది. అప్పట్లో ఒక్కో ఎఫెక్టుకు ఒక్కో పెట్టె. ఎకో కావాలంటే నిజంగానే టేపు తిరగాలి. 1974 నాటి రోలండ్ స్పేస్ ఎకోలో జరిగేది అదే. 1988లో వచ్చిన బాస్ కంపెనీ ఎమ్ఈ-5లో అనేక ఎఫెక్టులు ఒకే పెట్టెలో ఉండేవి. అలాంటివాటిలో కంపెనీవాడు పెట్టింది వాడుకోవాలి. నాలో అన్న ఏది రాస్తే అది.

నా పనితనం చెబితే ‘ఇంతేనా’ అంటారు. వచ్చిన శబ్దాన్ని సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తాను. తర్వాత అంతా లెక్కలే. అల తల కోసేస్తే డిస్టార్షన్. ఎకో కావాలంటే 48,000 గదుల వరస ఒకటి పెట్టుకుని, గానుగెద్దులా దాని చుట్టూ తిరుగుతూ ఒక్కో గదిలో ఒక్కో అంకె దాస్తాను. ఒక చుట్టు పూర్తయి మళ్లీ అదే గదికి వచ్చేసరికి సెకను గడుస్తుంది. అక్కడున్న పాత అంకె తీసి కొత్తదానికి కలుపుతాను. భజనలో పదిమంది పాడితే ఒక్కొక్కరు రవ్వంత వెనకాముందు అవుతారే, గిటార్‌కు ఆ రవ్వ తేడా అద్దితే కోరస్. గోల్కొండ గుమ్మటం కింద చప్పట్లు కొడితే వచ్చే మోత కావాలంటే, ఇలాంటి ఎకోలను పొడవులు మార్చి అల్లాలి. ఆ అల్లిక చూపినవాడు బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన మాన్‌ఫ్రెడ్ ష్రోడర్, 1960 దశకం మొదట్లో. కొన్ని ఎఫెక్టులు అన్న ప్యూర్ డేటాలో సొంతంగా రాశాడు. మిల్లర్ పకెట్ 1990 దశకంలో తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. తెర మీద గళ్లు పెట్టి గీతలతో కలిపితే చాలు.

అన్నకూ నాకూ మొదటి గొడవ ఆలస్యం దగ్గరే వచ్చింది. నేను శబ్దాన్ని చుక్కచుక్కగా అందుకోను, గిన్నె నిండాక ఎత్తుతాను. మొదట్లో నా గిన్నె 1,024 అంకెలది. అది నిండడానికి 21 మిల్లీ సెకన్లు, బయటికి పోయడానికి ఇంకో 21. గాలిలో శబ్దం మిల్లీ సెకనుకు అడుగుకు కాస్త ఎక్కువ పోతుంది. అంటే స్పీకరు దాదాపు 48 అడుగుల దూరంలో ఉన్నట్టు లెక్క. “ఇక్కడ మీటితే పందిరి అవతల పలుకుతుందేందిరా!” అని అన్న విసుక్కున్నాడు. గిన్నెను 128కి తగ్గించాడు. రానూపోనూ అయిదు మిల్లీ సెకన్ల పైచిలుకు, ఆంప్ ఆరడుగుల దూరంలో పెట్టుకున్నట్టే.

అయితే చిన్న గిన్నెతో నాకు ఊపిరాడదు. సుమారు రెండున్నర మిల్లీ సెకన్లకోసారి లెక్క అప్పజెప్పాలి. ఒక్కసారి తప్పినా స్పీకర్లో ‘టప్’మంటుంది. దీన్ని మావాళ్లు ఎక్స్‌రన్ అంటారు. నేను నడిచే లినక్స్ పదిమందినీ సమానంగా చూసే పెద్దమనిషి. వైఫై పిలిచినా పలుకుతుంది, మెమరీ కార్డులో ఏదో రాసుకోమన్నా రాసుకుంటుంది. పాట మాత్రం ఆగి చూడదు. అందుకే అన్న వైఫై తీసేశాడు, పాట లెక్కకే ముందు పలికేలా లినక్స్‌ను మార్చిన రియల్‌టైమ్ కెర్నల్ వేశాడు. ఏళ్ల తరబడి విడిగా తెచ్చి అతికించుకోవాల్సి వచ్చిన ఆ మార్పులను 2024లో అసలు లినక్స్‌లోనే కలిపారు. ఆలస్యం అమృతం విషం అంటారు కదా, నా దగ్గర ఆ విషం తలకెక్కడానికి మిల్లీ సెకన్లు చాలు.

ఆఖరికి కాలి స్విచ్ కూడా సతాయించింది. మీరు ఒక్కసారే తొక్కుతారు. లోపలి రేకు మాత్రం నేల మీద పడ్డ గోళీలా నాలుగైదుసార్లు ఎగిరెగిరి ఆగుతుంది. నేను ప్రతి ఎగురుడునూ ఒక తొక్కుడుగా లెక్కపెట్టి, ఎకో పెట్టి తీసి పెట్టి తీసి నానా కంగాళీ చేశాను. మొదటి తాకిడి తర్వాత 20 మిల్లీ సెకన్లపాటు చెవులు మూసుకోమని అన్న రాసి పెట్టాకే నాకు బుద్ధి వచ్చింది.

ఇక నా పరువు పోయిన రాత్రి. ఒక పెళ్లి రిసెప్షన్‌లో పాటకూ పాటకూ మధ్య అన్న కొత్త సెట్టింగు సేవ్ చేస్తున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. జనరేటర్ అందుకుంది, దీపాలు వెలిగాయి. నేను లేవలేదు. సగం రాతలో కరెంటు తెగి మెమరీ కార్డు చెడిపోయింది.

“అన్నా, నీ డబ్బా సచ్చిందా?” అన్నాడు కీబోర్డు కుర్రాడు.

“సావలే తమ్మీ, లేస్తది ఆగు” అన్నాడు అన్న. రెండు నిమిషాలు చూసి, నా తీగలన్నీ పీకి గిటార్‌ను నేరుగా మిక్సర్‌కు తగిలించాడు. ఆ రాత్రంతా వంగిన మెడతో పొడి గిటారే వాయించాడు. నేను ఆయన పాదాల దగ్గరే చీకటిగా పడి ఉన్నాను.

మర్నాడు మూత విప్పాడు. పారేస్తాడనుకున్నాను. కొత్త కార్డు వేసి, వేదిక మీద ఉన్నంతసేపు నేను చదవడమే తప్ప రాయకుండా చేశాడు. ఇప్పుడు ఎప్పుడు కరెంటు పోయినా కార్డుకు భయం లేదు. ఆఖరున తొమ్మిది కాళ్ల స్విచ్ ఒకటి బిగించాడు. దాన్ని తొక్కితే గిటార్ శబ్దం నా గడప తొక్కకుండా నేరుగా బయటికి పోతుంది. నేను చచ్చి పడి ఉన్నా పాట ఆగదు.

నన్ను దాటిపోయే దారి నాలోనే పెట్టాడని మొదట చిన్నబుచ్చుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, నాలో ఉన్న మంచి భాగం అదే. కొత్త ఎఫెక్టులు నా మీద ధైర్యంగా పరీక్షించగలుగుతున్నాడంటే దాని చలవే. మీలో ఎవరైనా నాలాంటి పెట్టె చేసుకోదలిస్తే ఒక్క మాట: ముందు ఆ తొమ్మిది కాళ్ల స్విచ్ బిగించండి. ఎఫెక్టులు తర్వాత రాసుకోవచ్చు.